నా నిద్రకు ఆయన వేసిన మార్కులు

నేను గంజాయి తీసుకుంటాను. డాక్టరు రాసిచ్చిన గంజాయి నూనె. పోస్టులో ఇంటికి వస్తుంది, సీసా మీద నా పేరుంటుంది, పడుకునే ముందు చిన్న సిరంజితో కొలుచుకుని నాలుక కింద వేసుకుంటాను. మొదటి వాక్యంలోనే ఈ మాట చెప్పేయడానికి కారణముంది. మా ఇంట్లో దీన్ని మొదట ‘ఆ నూనె’ అన్నారు, తర్వాత ‘నీ సీసా’ అన్నారు, బయటివాళ్ల ముందు ‘విటమిన్ డి’ అన్నారు. దాన్ని దాని పేరుతో పిలిచే హక్కు నేను పోట్లాడి తెచ్చుకున్నాను కాబట్టి వాడుకుంటాను.

నాకు యాభై నిండబోతున్నాయి. కెనడాలో, టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. పార్టీలో ఎవరైనా వైన్ గ్లాసు చేతికిస్తే ఆరెంజ్ జ్యూస్ ఎక్కడుందని వెతుక్కునే రకం. గుంటూరులో చదువుకునే రోజుల్లో బస్టాండులో సిగరెట్ పొగ తగిలితే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నదాన్ని. నన్నెవరూ చెడగొట్టలేదు, నాకు కొత్తగా సరదాలూ పుట్టలేదు. నిద్ర పట్టక తీసుకున్నాను.

నిద్ర ఎందుకు పట్టలేదో చెప్పాలి. మూడు చలికాలాల కిందట ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే 401 హైవే మీద పక్క లేన్‌లో పెద్ద ట్రక్కు ఒకటి మంచు మీద జారింది. అది తగిలి నా కారు రెండు చుట్లు తిరిగి, ఎదురుగా వస్తున్న బళ్లవైపు మొహం పెట్టి ఆగింది. ఆ బళ్లన్నీ ఎలాగో ఆగాయి. నాకు ఒక్క ఎముక విరగలేదు, ఒక్క కుట్టు పడలేదు. చూడటానికొచ్చిన వాళ్లందరూ గండం గడిచిందన్నారు. మా ఆయన ఆ శనివారమే గుళ్లో అర్చన చేయించారు. దాంతో అందరి దృష్టిలో ఆ విషయం ముగిసిపోయింది.

నాకు ముగియలేదు. కన్ను మూతపడుతుందనగా మంచం గిర్రున తిరిగేది. గుండె దడదడలాడుతూ లేచి కూర్చునేదాన్ని. రెండు గంటల నిద్ర దొరికితే ఆ రోజు పండగే. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. అది కంటినిండా పడుకున్నవాళ్లు పుట్టించిన సామెత. నేను మెత్తటి పరుపు మీద, పక్కన గురకపెట్టే మొగుడి మీద కోపం పెంచుకుంటూ తెల్లవార్లూ కళ్లు తెరుచుకునే ఉన్నాను. పగలు మనుషుల మీద విరుచుకుపడేదాన్ని. కూర మాడితే కూర్చుని ఏడ్చేదాన్ని. హైవే ఎక్కడం మానేశాను. ఆఫీసుకు మా ఆయన దింపేవారు, లేకపోతే రెండు బస్సులు మారేదాన్ని. ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఫ్యామిలీ డాక్టరు రెండు రకాల నిద్రమాత్రలు మార్చి చూసింది. ఒకదానితో పగలంతా తల బరువు, రెండోదానితో నోరంతా చేదు, నిద్ర మాత్రం అంతంతే. చివరికి ఇలాంటి కేసులు చూసే క్లినిక్ ఒకదానికి పంపింది. ఈ దేశంలో గంజాయి కొట్లోనే దొరుకుతుంది. వయసు చూపించే కార్డుంటే చాలు, అడిగేవాళ్లుండరు. నాకు కావలసింది అది కాదు. ఏ రకం తీసుకోవాలో, ఎంత తీసుకోవాలో, ఎప్పుడు కారు నడపకూడదో చెప్పే మనిషి కావాలి. అక్కడి డాక్టరు పెద్ద పెద్ద ఆశలేమీ పెట్టలేదు. “కొందరికి నిద్రకు పనికొస్తుంది, కొందరికి ఏ తేడా ఉండదు, కొందరికి కంగారు ఇంకా పెరుగుతుంది. మూడు నెలలు చూద్దాం. మందు మొదలుపెట్టే ముందు ఒక ఫారం నింపండి, తర్వాత నెలకొకటి. వాటిని బట్టి కొనసాగించాలో ఆపాలో చూస్తాం” అంది.

ఇక్కడే మేం తప్పు చేశాం. మా ఇంట్లో ఫారం అంటే అది మా ఆయన డిపార్ట్‌మెంటు. హైదరాబాదులో పాస్‌పోర్ట్ నుంచి మొదలుపెట్టి, న్యూజెర్సీలో ఉన్నన్నాళ్లూ వీసా కాగితాలు, గ్రీన్‌కార్డు క్యూలో విసిగిపోయాక కెనడా పీఆర్, మా అమ్మాయి స్కూలు, నా డ్రైవింగ్ లైసెన్సు, అన్నీ ఆయనే నింపారు. నేను ఆయన చూపించిన చోట సంతకం పెట్టాను. ఇన్నేళ్ల ఫారాల్లో ఆయన నేర్చుకున్న సూత్రం ఒక్కటే. చెడ్డ ప్రశ్న ఏదడిగినా సమాధానం ‘నో’. ఎప్పుడైనా అరెస్టయ్యారా, నో. అంటువ్యాధులున్నాయా, నో. మానసిక సమస్యలున్నాయా, నో. ఆ సూత్రం మీదే మా సంసారం మూడు దేశాలు దాటింది. అందుకని ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను, అలాగని వదిలిపెట్టనూ లేను.

ఆ మొదటి ఫారం వచ్చిన రోజు ఆదివారం. ఆయన సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. నేను వంటింట్లో బెండకాయలు తుడుస్తున్నాను.

“నిద్ర ఎట్లుంది అని అడుగుతున్నారు. పదికి ఎంతెయ్యాలి?” అన్నారు.

“మీకు తెలీదా? సున్నా వేయండి,” అన్నాను.

“సున్నా ఏంది. సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాం. రేపు రికార్డులో నీకేదో మెంటల్ అని పడితే? ఎనిమిది వేస్తున్నా. అయినా ఆదివారం పూట సున్నాలు, ఒకట్లు ఏంటి, పైన తథాస్తు దేవతలుంటారు.”

మా అమ్మ కూడా అదే మాట అనేది. తలనొప్పి అంటే, “అలా అనకు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తగ్గిపోతోంది అను” అనేది. నోటితో చెడు పలికితే ఆ దేవతలు సరేనంటారట, అది జరిగిపోతుందట. జ్వరంతో మూలుగుతూ కూడా బాగానే ఉన్నానని చెప్పడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. అందుకని, “సరే, వేసేయండి,” అన్నాను. మిగతా ప్రశ్నలు ఆయన చదివి వినిపించలేదు, నేనూ అడగలేదు. బెండకాయ వేపుడు పొయ్యి మీదకెక్కే లోపల నా ఒంట్లో, మనసులో ఉన్నదంతా ఆయన నాలుగు పేజీల్లో పూర్తిచేసి పంపించేశారు.

మందు పనిచేసింది. మొదటి వారం నోరెండిపోవడం, పొద్దున లేవగానే కాస్త తూలినట్టుండటం తప్ప ఏమీ తెలియలేదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచుకుంటూ పోయాను. మూడో వారంలో ఒక రోజు లేచి చూస్తే కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆరు గంటలు ఒకే బిగిన పడుకున్నాను. మంచం మీద కూర్చుని ఏడ్చాను, అదీ సంతోషంతో. అలా ఏడ్చి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. ఇదేదో అమృతమని చెప్పను. హైవే పేరెత్తితే అరచేతులకు చెమట పట్టడం అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ పూర్తిగా తగ్గలేదు. కానీ నిద్రపోయిన మనిషికి భయపడటానికైనా ఓపిక ఉంటుంది.

రెండో నెలలో స్నేహితుల ఇంట్లో భోజనాలకు వెళ్లాం. నాలుగైదు కుటుంబాలవాళ్లం, తలా ఒక వంటకం తీసుకెళ్తాం. మా అందరిలో పెద్దావిడ, అందరం ఆంటీ అని పిలిచే ఆమె, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏమ్మా, కళ్ల కింద నలుపంతా పోయింది. మొహం తేటగా ఉంది. ఏం వాడుతున్నావేంటి?”

నేను నోరు తెరిచే లోపల మా ఆయన పులిహోర గిన్నె దగ్గర్నుంచి, “విటమిన్ డి, ఆంటీ. ఇక్కడ ఎండ ఉండదు కదా,” అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడు వారాలు నా నిద్ర నేను పడుకుంటే పేరు విటమిన్‌కు పోయింది. “విటమిన్ కాదండీ, గంజాయి. గంజాయి నూనె. డాక్టర్ ఇచ్చింది,” అన్నాను.

ఒకాయన నవ్వాలో వద్దో తెలియక, “అయితే ఇంక మీ ఇంటికొస్తే కాఫీ తాగే ముందు ఆలోచించుకోవాలి,” అన్నాడు. “మీకివ్వను లెండి, ప్రిస్క్రిప్షన్ నా ఒక్కదానికే,” అన్నాను. ఆంటీ నా గడ్డం వదిలేసి పెరుగు తెస్తానని లోపలికి వెళ్లింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ మధ్యాహ్నం నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. ఉండనీ అనుకుని రెండోసారి కూడా పాయసం వేసుకున్నాను.

కార్లో ఎక్కాక మా ఆయన సీటుబెల్టు పెట్టుకున్నారు. తర్వాత, “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నలుగురిలో చెప్పాల్సిన విషయమా అది?” అన్నారు.

“నాది చిరిగి ఏడాదిన్నరైంది. కాళ్ల మీద పడింది మీరు ఇవాళ చూశారు,” అన్నాను.

వెనక సీట్లోంచి పదో తరగతి చదివే మా అమ్మాయి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, “నాన్నా, ఇట్స్ లీగల్. ఇట్స్ లిటరల్లీ హర్ ప్రిస్క్రిప్షన్,” అని మళ్లీ పెట్టేసుకుంది. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే పట్టుదల. నేను తొందరగా బాగైపోవాలి, ఆ సీసా ఇంట్లోంచి పోవాలి. ఆ నెల ఫారం, తర్వాతి నెల ఫారం కూడా ఆయనే నింపారు. నాకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. నిద్రపోవడంలో మునిగి ఉన్నాను.

మూడు నెలలయ్యాక డాక్టరు రమ్మంది. నవంబరు మధ్యాహ్నం, బయట గాలి చెంపలు కోస్తోంది. హైవే మీద కాకుండా చిన్న రోడ్ల మీదుగా మా ఆయన తీసుకెళ్లారు. మందు రాసిచ్చిన డాక్టరు ప్రసూతి సెలవులో ఉందట, ఆమె స్థానంలో వచ్చిన కొత్తావిడ కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆమెకు కాగితం మీద ఉన్నదాన్నే నేను. కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించింది.

“మందు మొదలుపెట్టక ముందు మీ నిద్ర పదికి ఎనిమిది. మూడు నెలల తర్వాత కూడా ఎనిమిది. ఆందోళన అప్పుడు రెండు, ఇప్పుడు రెండు. మీకు దీనివల్ల మార్పేమీ కనబడటం లేదు. మార్పు లేకుండా ఇలాంటి మందు వాడటం నాకిష్టం లేదు. నెమ్మదిగా తగ్గించి ఆపేద్దాం,” అంది.

తెర మీద నాలుగు చుక్కలు, వాటిని కలుపుతూ తిన్నగా ఒక గీత. ఆ గీత చూడగానే నాకు విషయం అర్థమైంది. నా ఉద్యోగం అదే మరి. మా కంపెనీలో ల్యాబువాళ్లు రాసిన రికార్డులు చదివి తప్పులు పట్టుకుంటాను. అన్ని రోజులూ అంకెలు ఒకేలా ఉంటే అక్కడ ఎవరో కూర్చున్నచోటే రాసేశారని మొదటి అనుమానం. మీటరు చూసిన మనిషే రాయాలి, ఒకరు చూసింది ఇంకొకరు రాయకూడదు. ఇది తప్పినవాళ్లను నేను నిలబెట్టి అడిగాను, ఒకాయన ఉద్యోగం కూడా పోయింది. ఆఫీసులో ఇంత కచ్చితంగా ఉండేదాన్ని, ఇంట్లో నా తలలో ఏముందో రాసే పని పక్కగదిలో మనిషికి అప్పగించి బెండకాయలు తుడుచుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ ఆరు గంటల నిద్ర పోతే మళ్లీ నేను ఏమవుతానో నాకు తెలుసు. ఆ గదిలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“డాక్టర్, ఇందులో ఒక్క అంకె కూడా నాది కాదు,” అన్నాను.

మా ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి, తెలుగులో మెల్లగా, “ఇంటికెళ్లి మాట్లాడుకుందాం,” అన్నారు.

“ఇంటికెళ్తే మందు ఉండదు,” అని చెయ్యి తీసేశాను. డాక్టరుతో, “ఈ నాలుగూ నా భర్త నింపారు. నాకు చెడు జరగకూడదని మంచి అంకెలు వేశారు. నేనూ వేయమన్నాను. ఇద్దరిదీ తప్పే. మీరు చూస్తున్నది మా ఆశ, నా జబ్బు కాదు,” అన్నాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి మా ఇద్దర్నీ చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడలేదు. “దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. మీరు చెప్పేదే పరీక్ష. పాత ఫారాలు నేను మార్చను. ఇవాళ మీరు చెప్పేది ఇవాళ్టి తేదీ వేసి రాస్తాను. ఆయన్ని బయట కూర్చోమనమంటారా?” అంది.

“వద్దు. ఆయన వినాలి,” అన్నాను.

ఆమె ఒక్కో ప్రశ్నా చదివింది. మందుకు ముందు నిద్ర? ఒకటి, అది కూడా దయతలచి. ఇప్పుడు? ఏడు. పగలు చిరాకు? ముందు తొమ్మిది. ఇప్పుడు నాలుగు, ఇంట్లో వాళ్లనడిగితే ఐదంటారు. కారులో భయం? ముందు పది. ఇప్పుడు తొమ్మిది. “అక్కడ మందు ఏమీ చేయలేదు, ఉన్నదున్నట్టు రాయండి,” అన్నాను. గొంతు ఎండిపోతుందా, పగలు మత్తుగా ఉంటుందా, మతిమరుపు ఉందా, అన్నిటికీ చెప్పాను. నిజం చెప్తున్నకొద్దీ నా గొంతు గట్టిపడుతోంది. మా ఆయన తల దించుకుని చేతి గ్లవ్స్ మడతపెడుతున్నారు, విప్పుతున్నారు.

చివరి ప్రశ్న దగ్గర ఆమె గొంతు తగ్గించింది. “బతికి ఉండకపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?”

ఆ ప్రశ్న ఫారంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

“మందుకు ముందు దాదాపు రోజూ,” అన్నాను. “ఏదో చేసుకోవాలని కాదు. తెల్లవారి లేవకపోతే బాగుండు అనుకునేదాన్ని. ఆ ట్రక్కు ఇంకాస్త గట్టిగా తగిలి ఉంటే ఇన్నాళ్లు నిద్రపోయేదాన్ని కదా అనుకునేదాన్ని.”

గ్లవ్స్ మడతపెట్టడం ఆగిపోయింది. నేను పక్కకు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

“ఇప్పుడు?”

“ఇప్పుడు లేదు. పొద్దున లేవగానే కాఫీ కావాలనిపిస్తోంది. ఫిల్టర్‌లో పొడి తక్కువైతే కోపమొస్తోంది.”

డాక్టరు కొంచెం నవ్వింది, మళ్లీ సీరియస్‌గా చాలా ప్రశ్నలు అడిగింది. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఎవరికి చెప్పాలో, ఎక్కడికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి నా చేతికిచ్చింది. మందు కొనసాగించింది. కారు భయానికి నూనె సరిపోదని, దానికి వేరే కౌన్సెలింగ్ కావాలని, ఆ పేరు కూడా రాసింది. నెల తర్వాత మళ్లీ రమ్మంది. “ఈసారి ఫారం ఆమే నింపాలి,” అంది. నన్ను చూసి కాదు, మా ఆయన్ని చూసి.

కార్లో కూర్చున్నాక ఆయన ఇంజన్ స్టార్ట్ చేశారు గానీ కదలలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గోడవైపు చూస్తున్నారు.

“ఆ చివరి ప్రశ్న ప్రతి నెలా వచ్చేది,” అన్నారు. “చదవడానికే భయమేసేది. గబగబా ‘లేదు’ అని కొట్టి కింద పంపే బటన్ నొక్కేవాణ్ని.” “నాకెందుకు చెప్పలేదు?” అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఏడవడం నేను రెండుసార్లే చూశాను, ఇది మూడోది.

నాకు జాలి వేసింది. అయినా మాట మింగదలచుకోలేదు. అలా మింగీ మింగీ ఇక్కడికొచ్చాం.

“మీరు నన్నడగలేదు. ప్రశ్న మీకొచ్చింది, జవాబు మీరే రాసేశారు,” అన్నాను.

ఆయన తల ఊపారు. ముక్కు తుడుచుకున్నారు. “ఇప్పుడు అడుగుతున్నా,” అన్నారు.

“అయితే మధ్యలో ఆపకూడదు. అలా అనకు, మంచిగా మాట్లాడు అనకూడదు. అంటే నడిచి ఇంటికి వెళ్లిపోతాను, ఈ చలిలో.”

ఆయన బటన్ నొక్కి ఇంజన్ ఆపేశారు. దాంతో హీటరూ ఆగింది. నేను కోటు జిప్పు మెడదాకా లాక్కుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.